తెరిచి చూసిన ప్రతియే భద్రమైన ప్రతి
(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడక ముందే మన పెద్దలు ఇక్కడ తెలుగు పలకా బలపం పట్టించారు. ఆ తరువాత సరిహద్దులు మారాయి, పాలనా భాష మారింది, పాఠ్యప్రణాళికలు మారాయి. తమిళనాట స్థిరపడిన తెలుగువారి నడుమ ఈ బడి మాత్రం డెబ్బై ఐదు సంవత్సరాలుగా నిలిచి ఉన్నది. ఇది మనందరికీ గర్వకారణం.

ఈ శుభసందర్భంలో ఉత్సవ సంఘం వారు నన్ను ‘పాఠశాల రికార్డుల భద్రత’ అనే విషయంపై మాట్లాడమని ఆదేశించారు. కంప్యూటర్లను బాగుచేయడం, వాటిలోని సమాచారాన్ని కాపాడడం నా వృత్తి. ఈ విశాలమైన విషయంలో ఒక్క చిన్న భాగాన్ని మాత్రమే ఎంచుకుంటున్నాను. బ్యాకప్ తీసి దాచుకున్న డిస్కు ఇమేజ్ అవసరం వచ్చిన నాడు తెరుచుకోకపోతే ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఆ భాగం. ఇది యంత్ర విషయంగా కనిపించినా, దీని వెనుక మన బడి చరిత్ర అంతా ఉన్నదని మీరే గ్రహిస్తారు.

రికార్డు పోతే పోయేదేమిటి?

ప్రవేశ రిజిస్టరులో ఒక విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, మాతృభాష, చేరిన తరగతి, విడిచిన తేది ఉంటాయి. ముప్పై ఏళ్ల తరువాత పుట్టిన తేదికి ఆధారం కావలసి వచ్చినా, పోయిన టి.సి.కి నకలు కావలసి వచ్చినా ఆ వరుసే దిక్కు. మనబోటి వారికి అంతకంటె ముఖ్యమైనది మాతృభాష అన్న గడి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనా సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. 1956 నాటి ఏడవ సవరణ ద్వారా అది రాజ్యాంగంలో చేరింది. ఈ ఊరిలో తెలుగు పిల్లలు ఎందరు చదివారు, ఏ ఏ సంవత్సరాలలో చదివారు అని ఎవరైనా అడిగితే మనం చూపగలిగిన సాక్ష్యం ఆ గడిలో గుమాస్తా గారు వ్రాసిన ‘తెలుగు’ అన్న మూడక్షరాలే.

కాగితానికి చెద, చెమ్మ శత్రువులు. అందుకే పాత రిజిస్టర్లను స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టాము. కంప్యూటరుకు కూడా ఆయుర్దాయం ఉన్నది కనుక దానికొక బ్యాకప్ తీశాము. ఇంతవరకు చాలా సంస్థలు చేస్తున్నాయి. అసలు ప్రశ్న ఆ తరువాతనే మొదలవుతుంది. ఆ బ్యాకప్‌ను ఎవరైనా తెరిచి చూశారా?

ఇమేజ్ అంటే ఏమిటి? మౌంట్ చేయడమంటే ఏమిటి?

కొన్ని ఫైళ్లను మరొక చోటికి కాపీ చేసుకోవడం ఒక పద్ధతి. ఇది ఇంట్లోని ముఖ్యమైన కాగితాలను మాత్రం ఏరి వేరే పెట్టెలో పెట్టుకోవడం వంటిది. హార్డ్ డిస్కులో ఉన్నదంతా, అంటే విండోస్, ప్రోగ్రాములు, ఫాంట్లు, ఫైళ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్లుగా ఒకే పెద్ద ఫైలులోకి తీసుకోవడం రెండవ పద్ధతి. ఇల్లు మొత్తాన్ని ఏ గదిలో ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో అలాగే ఉంచి నకలు తీసినట్లన్నమాట. ఆ పెద్ద ఫైలునే డిస్కు ఇమేజ్ అంటారు.

ఈ ఇమేజ్‌ను మామూలు ఫైలులాగా తెరిచి చదవలేము. అది ఒక నిజమైన డిస్కు అని కంప్యూటరును నమ్మించి, దానికొక డ్రైవు అక్షరం తగిలించాలి. దీనినే మౌంట్ చేయడం అంటారు. అప్పుడు మన సి, డి డ్రైవుల పక్కన మరొక డ్రైవు కనిపిస్తుంది. అందులోకి వెళ్లి కావలసిన ఫైలును కాపీ చేసుకొని, పని కాగానే ఆ డ్రైవును విప్పివేయవచ్చు. కంప్యూటరును మొత్తంగా పూర్వస్థితికి తేనక్కరలేకుండా ఒక్క రిజిస్టరు పుటను బయటికి తీసుకోవడానికి ఇది సులభమార్గం.

విండోస్ 7 వచ్చిన 2009 నుండి వి.హెచ్.డి. అనే రకపు ఇమేజ్‌ను విండోస్ తానే మౌంట్ చేయగలదు. దాని తరువాతి రూపం వి.హెచ్.డి.ఎక్స్. విండోస్ 8తో వచ్చింది. నార్టన్ గోస్ట్, ఆక్రోనిస్, మాక్రియం వంటి ప్రోగ్రాములు తీసిన ఇమేజ్‌లకు వాటి వాటి సొంత రూపాలున్నాయి. వాటిని తెరవడానికి సాధారణంగా ఆ ప్రోగ్రామే కావాలి.

మొదటి సూత్రం: మూలాన్ని తాకవద్దు

ఇమేజ్ తెరుచుకోనప్పుడు మనిషికి తొందర కలుగుతుంది. కనిపించిన బొత్తామెల్లా నొక్కుతాము. చాలా నష్టం జరిగేది అప్పుడే. కనుక మొదట ఆ ఇమేజ్ ఫైలుకు వేరే మంచి డిస్కు మీద ఒక నకలు తీసుకోవాలి. ప్రయోగాలన్నీ నకలు మీదనే చేయాలి. మూలం ఉన్న డిస్కును తీసి బీరువాలో పెట్టాలి.

నకలు సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి హాష్ అనే లెక్క ఉన్నది. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో ఎంత పెద్ద ఫైలుకైనా ఎస్.హెచ్.ఎ.-256 పద్ధతిలో అరవై నాలుగు అక్షరాంకెల గుర్తు వస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ గుర్తు మారిపోతుంది. మూలానికీ నకలుకూ గుర్తు ఒకటే అయితే నకలు సరైనది. బ్యాకప్ తీసిన రోజుననే ఈ గుర్తును ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకుంటే, పదేళ్ల తరువాత ఆ ఫైలు చెడిందా లేదా అన్నది ఊహించవలసిన పని ఉండదు.

నకలు తీసేటప్పుడే డిస్కు మొరాయిస్తే, అంటే మధ్యలో ఆగిపోవడం, టకటకమని శబ్దం చేయడం జరిగితే, పదే పదే ప్రయత్నించరాదు. జి.ఎన్.యు. డి.డి.రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము మొదట సులభంగా వచ్చే భాగాలను తీసుకొని, మొండికేసిన భాగాలను చివరకు ప్రయత్నిస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక పటం వ్రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపినా మళ్లీ మొదటికి రానక్కరలేదు.

రెండవ జాగ్రత్త కూడా ఇక్కడే చెబుతాను. మౌంట్ చేసేటప్పుడు ‘చదవడానికి మాత్రమే’ అన్న గడిలో టిక్కు పెట్టాలి. విండోస్ డిస్కు మేనేజ్‌మెంటులో వి.హెచ్.డి. తగిలించేటప్పుడు ఈ గడి కనిపిస్తుంది. ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే ఆ ప్రశ్న రాదు. అప్పుడు మనకు తెలియకుండానే విండోస్ ఆ ఇమేజ్‌లో ఏవో చిన్న చిన్న మార్పులు వ్రాసివేయవచ్చు.

తెరుచుకోకపోవడానికి కారణాలు

ఇప్పుడు సాధారణంగా వచ్చే ఇబ్బందులను సులభమైన వాటితో మొదలుపెట్టి వరుసగా చెబుతాను.

మొదటిది, మౌంట్ అయినా డ్రైవు కనిపించకపోవడం. తప్పు సందేశం రాదు, డ్రైవూ రాదు. చాలాసార్లు దానికి అక్షరం దొరకకపోవడమే కారణం. డిస్కు మేనేజ్‌మెంటు తెరిచి చూస్తే అది అక్కడే కూర్చుని ఉంటుంది. ఖాళీగా ఉన్న ఒక అక్షరాన్ని కేటాయిస్తే చాలు.

రెండవది, ఆఫ్‌లైన్ అని చూపడం. ప్రతి డిస్కుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇమేజ్ అనేది అసలు డిస్కుకు అచ్చమైన నకలు కనుక దాని సంఖ్య కూడా అదే. అసలు డిస్కూ, ఇమేజూ ఒకే కంప్యూటరులో ఒకేసారి ఉంటే, ఒకే హాజరు సంఖ్యతో ఇద్దరు పిల్లలు లేచి నిలుచున్నట్లు అవుతుంది. విండోస్ రెండవదానిని పక్కన కూర్చోబెడుతుంది. దానిని బలవంతంగా ఆన్‌లైన్ చేస్తే సంఖ్య మారిపోతుంది. తరువాత ఆ ఇమేజ్‌తో కంప్యూటరును తిరిగి నిలబెట్టాలంటే చిక్కు రావచ్చు. అసలు డిస్కు లేని మరొక కంప్యూటరులో మౌంట్ చేయడమే క్షేమం.

మూడవది, ఫైలు ఉన్న చోటును బట్టి వచ్చే ఇబ్బంది. వి.హెచ్.డి. ఫైలు కుదించిన ఫోల్డరులో గాని, గుప్తీకరించిన ఫోల్డరులో గాని ఉంటే విండోస్ దానిని తగిలించదు. మామూలు ఎన్.టి.ఎఫ్.ఎస్. డ్రైవులోకి, కుదింపు లేని ఫోల్డరులోకి కాపీ చేసి మళ్లీ ప్రయత్నించాలి. ఎన్నో సందర్భాలలో ఇంతమాత్రంతోనే పని జరిగిపోతుంది.

నాలుగవది, ముక్కలు తప్పిపోవడం. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్ డ్రైవులో ఒక్కొక్క ఫైలు నాలుగు జి.బి.కి మించి ఉండరాదు. అందువలన కొన్ని ప్రోగ్రాములు ఇమేజ్‌ను ముక్కలు చేసి వ్రాస్తాయి. నార్టన్ గోస్ట్‌లో మొదటి ముక్క జి.హెచ్.ఓ. అనీ, తరువాతివి జి.హెచ్.ఎస్. అనీ ఉంటాయి. పేరు తెలిసిన మొదటి ముక్కను మాత్రం దాచుకొని మిగిలినవి పనికిరాని ఫైళ్లనుకొని తుడిచివేసిన వారున్నారు. అన్ని ముక్కలూ ఒకే ఫోల్డరులో, పెట్టిన పేర్లతోనే ఉండాలి. పేరు మార్చినా గొలుసు తెగుతుంది.

ఐదవది కూడా గొలుసుకు సంబంధించినదే. కొన్ని చోట్ల ఆదివారం పూర్తి ఇమేజ్ తీసి, సోమవారం నుండి ఆ రోజు జరిగిన మార్పులను మాత్రమే తీస్తారు. స్థలం ఆదా అవుతుంది. కాని గురువారం నాటి స్థితి కావాలంటే ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం నాటి ఫైళ్లన్నీ ఉండాలి. బుధవారం ఫైలు పోతే మంగళవారం దాకా తెరుచుకుంటుంది, గురువారం తెరుచుకోదు. ‘పాతవి కదా’ అని ఆదివారం ఫైలును తుడిచివేస్తే వారమంతా పోయినట్లే.

ఆరవది, ‘ఈ డిస్కును వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలి’ అన్న ప్రశ్న. ఈ ప్రశ్నకు ఎన్నడూ అవునని చెప్పకండి. రద్దు నొక్కి బయటికి రండి. ఆ డ్రైవులో ఏ ఫైలు వ్యవస్థ ఉన్నదో విండోస్ పోల్చుకోలేకపోయిందని మాత్రమే దాని భావం. లినక్సు డిస్కు అయినా అలాగే అడుగుతుంది, విభాగాల పట్టిక దెబ్బతిన్నా అలాగే అడుగుతుంది. విండోస్‌వారి బిట్‌లాకర్ తాళం వేసిన డిస్కు అయితే ముందు ఆ తాళం తీయాలి. దానికి నలభై ఎనిమిది అంకెల పునరుద్ధరణ సంఖ్య కావాలి. ఆ సంఖ్య కూడా ఆ కంప్యూటరులోనే దాచి ఉంటే, తాళంచెవిని ఇనప్పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లే.

ఏడవది, ఇమేజ్‌ను తెరిచే ప్రోగ్రాము కాలం చెల్లిపోవడం. నార్టన్ గోస్ట్ అమ్మకాలు 2013లో ఆగిపోయాయి. మాక్రియం ఉచిత ప్రోగ్రాముకు మద్దతు 2024 జనవరి 1తో ముగిసింది. పాత ప్రోగ్రాము పాత విండోస్ కోసం వ్రాసిన డ్రైవరును నమ్ముకొని మౌంట్ చేస్తుంది. ముప్పై రెండు బిట్ల కాలపు డ్రైవరు అరవై నాలుగు బిట్ల విండోస్‌లో ఎక్కదు. సరైన సంతకం లేని డ్రైవరును, భద్రతా నియమాలకు లోబడని డ్రైవరును కొత్త విండోస్ అడ్డుకుంటుంది. ఇందుకోసం కంప్యూటరు భద్రతను తొలగించుకోవడం మంచిది కాదు. ఆ ప్రోగ్రాముతో వచ్చిన రక్షణ సి.డి.తో కంప్యూటరును నడిపించి ఫైళ్లను బయటికి తీయవచ్చు. లేదా వర్చువల్ యంత్రంలో పాత విండోస్‌ను ఏర్పాటు చేసి, దానిలో ఆ పాత ప్రోగ్రామును వాడవచ్చు. గోస్ట్ ఇమేజ్‌లకైతే గోస్ట్ ఎక్స్‌ప్లోరర్ అనే సాధనం ఉన్నది. దానితో మౌంట్ చేయకుండానే లోపలి ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు. వి.హెచ్.డి. ఫైళ్ల లోపలికి 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రాము కూడా చూడగలదు.

లినక్సు వాడేవారికి ఒక్క మాట. డిస్కు మొత్తానికి తీసిన ముడి ఇమేజ్‌ను నేరుగా మౌంట్ చేస్తే ‘తప్పు ఫైలు వ్యవస్థ’ అన్న సందేశం వస్తుంది. డిస్కు మొదట్లో విభాగాల పట్టిక ఉంటుంది, మనకు కావలసిన విభాగం కొంత దూరం తరువాత మొదలవుతుంది. ఆ దూరాన్ని లెక్కించి చెప్పాలి. విండోస్ ఎక్స్‌పి కాలపు డిస్కులలో మొదటి విభాగం సాధారణంగా 63వ సెక్టారు దగ్గర, తరువాతి కాలపు డిస్కులలో 2048వ సెక్టారు దగ్గర మొదలవుతుంది. ఒక్కొక్క సెక్టారు 512 బైట్లు అయితే మొదటిదానికి 32,256, రెండవదానికి 10,48,576 వస్తుంది. చూశారా, మన అయ్యవార్లు చెప్పిన గుణకారం ఎక్కడ అక్కరకు వచ్చిందో! ఇక్కడ కూడా చదవడానికి మాత్రమే మౌంట్ చేయాలి.

మన బడి ఇమేజ్‌లో కనిపించినవి

ఇంతవరకు చెప్పినది ఊరికే పుస్తక జ్ఞానమని అనుకోకుండా ఉండడానికి మన బడి విషయమే చెబుతాను. ఈ సంచిక పని మొదలైనప్పుడు కార్యాలయం వారు నాకొక బాహ్య హార్డ్ డిస్కు ఇచ్చారు. పాత కార్యాలయపు కంప్యూటరు మూలపడక ముందు విండోస్ 7లోని సొంత సదుపాయంతో తీసిన సిస్టమ్ ఇమేజ్ అందులో ఉన్నది. కంప్యూటరు ఎప్పుడో పాత సామానులోకి పోయింది. మిగిలినది ఈ ఇమేజ్ ఒక్కటే. ‘తెరిచాము, ఖాళీగా ఉన్నది’ అని చెప్పి ఇచ్చారు.

మొదట డిస్కుకు నకలు తీసి, గుర్తులు సరిచూసుకొని, నకలులోని విండోస్ ఇమేజ్ బ్యాకప్ అనే ఫోల్డరు తెరిచాను. లోపల పొడవైన సంఖ్యలే పేర్లుగా గల వి.హెచ్.డి. ఫైళ్లు రెండున్నాయి. ఒకటి చాలా చిన్నది, రెండవది చాలా పెద్దది. విండోస్ 7 తన కోసం 100 ఎం.బి. చిన్న విభాగం ఒకటి విడిగా ఉంచుకుంటుంది. చిన్న ఫైలు దాని ప్రతి. అందులో మన ఫైళ్లేమీ ఉండవు. వారు తెరిచి చూసినది దానినే. కనుక ఖాళీగా కనిపించడంలో వింత లేదు.

పెద్దదానిని చదవడానికి మాత్రమే అన్న నియమంతో తగిలించగానే సి డ్రైవు ప్రతిరూపం వచ్చింది. కాని గుమాస్తా గారి ఫోల్డరు మీద నొక్కితే అనుమతి లేదన్నది. ఎవరి ఫోల్డరు వారికే అన్న పాత కంప్యూటరు నియమం ఇమేజ్‌లోనూ అలాగే ఉంటుంది. ఆ అనుమతులను మార్చబోతే మూలంలో వ్రాయవలసి వస్తుంది. అలా చేయకుండా, నిర్వాహకుని హోదాలో రోబోకాపీ అనే ఆదేశాన్ని బ్యాకప్ రీతిలో వాడితే ఫైళ్లు బయటికి వచ్చాయి. స్కాన్ చేసిన ప్రవేశ రిజిస్టరు పుటలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొదటి పుటలోని మొదటి పేరును ఆ సాయంత్రం ప్రధానోపాధ్యాయుల వారు బిగ్గరగా చదివి వినిపించారు.

స్వర్ణోత్సవ సంచిక ఫైళ్లు కూడా దొరికాయి. తెరిచి చూస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు కలగాపులగంగా ఉన్నాయి. ఫైలు చెడిపోయిందని అక్కడున్నవారు నిరాశపడ్డారు. అది చెడిపోవడం కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన కంప్యూటర్లలో అది వాడుకలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అంతకు ముందూ, ఆ తరువాత చాలా కాలమూ మన అచ్చు పని అంతా అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మీదనే నడిచింది. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే తెలుగు రూపాలను పెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు అర్థంలేని అక్షరాల కుప్పగా కనిపిస్తుంది.

డిస్కు ఇమేజ్ గొప్పతనం ఇక్కడే తెలిసింది. ఎవరో ఫైళ్లను మాత్రమే కాపీ చేసి దాచి ఉంటే ఫాంటు పోయి ఉండేది. డిస్కు మొత్తం ఇమేజ్‌గా తీసినందువలన విండోస్ ఫోల్డరులోని ఫాంట్లు కూడా దానితో పాటే భద్రంగా ఉన్నాయి. ఆ ఫాంటును తీసి అమర్చగానే స్వర్ణోత్సవ సందేశాలు తెలుగులో పలికాయి. పేజ్‌మేకరులో కూర్చిన పుటలకు మరొక మెట్టు ఎక్కవలసి వచ్చింది. మౌంట్ చేసిన డ్రైవులోని ఫైళ్లను తీసుకోవచ్చు గాని, అందులోని ప్రోగ్రాములు సాధారణంగా అక్కడి నుండి నడవవు. అందుకని వి.హెచ్.డి.కి ఇంకొక నకలు తీసి, వర్చువల్ యంత్రంలో పాత కంప్యూటరునే మళ్లీ లేపి, ఆ పుటలను పి.డి.ఎఫ్.లుగా మార్చుకున్నాము. ఇప్పుడు వాటిని యూనికోడ్‌లోకి మారుస్తున్నాము. మార్పిడిలో ఒత్తులు, వట్రసుడులు తారుమారవుతాయి కనుక తెలుగు పండితులొకరు అక్షరమక్షరం సరిచూస్తున్నారు.

ఇక దొరకనిది చెప్పాలి. ఏటేటా తీయించిన తరగతి గ్రూపు ఫొటోలను స్కాన్ చేసి ఆ కంప్యూటరులో డి డ్రైవులో పెట్టేవారు. విండోస్ 7 సిస్టమ్ ఇమేజ్, మనం ప్రత్యేకంగా అడగకపోతే, విండోస్ నడవడానికి కావలసిన డ్రైవులను మాత్రమే తీసుకుంటుంది. డి డ్రైవును తీసుకోలేదు. ఎన్ని ఉపాయాలు పన్నినా ఇమేజ్‌లో లేని ఫొటోలను ఇమేజ్ నుండి తీయలేము. వాటి కాగితపు ప్రతులు కొన్ని అంతకు ముందే చెమ్మకు అంటుకుపోయాయి. సర్వీసులో ఉన్న అయ్యవారి ముఖం ఎలా ఉండేదో, అణా ఫీజు కట్టిన పిల్లవాడు ఏ వరుసలో కూర్చున్నాడో తెలిపే ఆ చిత్రాలు ఈ సంచికలో లేకపోవడానికి కారణమిదే.

ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు. జీతం ఒక పనికి తీసుకొని నాలుగు పనులు చేసే కార్యాలయం వారు బ్యాకప్ తీయడమే గొప్ప. వారు తీయబట్టే రిజిస్టరు బతికింది. అయితే ఒక్క సంగతి గమనించండి. బ్యాకప్ తీసిన మరునాడే దానిని మౌంట్ చేసి, ఒక రిజిస్టరు పుట, ఒక ఫొటో తెరిచి చూసి ఉంటే, ఫొటోలు లేవన్న సంగతి ఆనాడే తెలిసేది. అప్పటికి ఆ కంప్యూటరు ఇంకా పనిచేస్తూనే ఉన్నది. పావుగంట పని. ఇమేజ్‌ను మౌంట్ చేయడం అవసరం వచ్చినప్పుడు చేసే పని అని అందరూ అనుకుంటారు. నా మనవి ఏమిటంటే, అది అవసరం రాకముందు చేయవలసిన పని.

మనం చేయగలిగినది

సి.పి. బ్రౌన్ దొర తెలుగు తాళపత్రాలను సేకరించి, పండితులకు జీతమిచ్చి నకళ్లు వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఆయన వ్రాయించిన నకళ్లు నేటికీ చెన్నపట్టణంలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఆయన పండితులు ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు సరిచూశారు. నకలు తీయడంతో పని ముగియదు, పోల్చి చూడడంతోనే ముగుస్తుందన్న పాఠం మనకు కొత్తది కాదు.

పాఠశాల యాజమాన్యానికి నా విన్నపాలు నాలుగు.

ఒకటి, ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులుండాలి. అవి రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి. కనీసం ఒకటి బడి ఆవరణకు బయట ఉండాలి. వాన నీరు ఒక గదిలోకి వస్తే అన్ని ప్రతులూ ఒకేసారి తడవకూడదు.

రెండు, ప్రతి ఏడాది వేసవి సెలవులకు ముందు ఒక రోజు కేటాయించి ఇమేజ్‌ను మరొక కంప్యూటరులో మౌంట్ చేసి, ప్రతి ఫోల్డరు నుండి ఒక ఫైలు తెరిచి చూడాలి. చూసినవారు తేది వేసి సంతకం చేయాలి. అందుకొక నోటుపుస్తకం చాలు.

మూడు, ఆ పుస్తకంలోనే ఇమేజ్ ఏ ప్రోగ్రాముతో తీసినది, ఆ ప్రోగ్రాము ఏ సంచిక, ఏ ఏ డ్రైవులు చేరాయి, హాష్ గుర్తు ఏమిటి, తాళం ఉంటే దాని సంఖ్య ఎవరి వద్ద ఉన్నది అన్నవి వ్రాయాలి. ప్రోగ్రాము సి.డి.ని, ఫాంట్లను ఇమేజ్ పక్కనే భద్రపరచాలి.

నాలుగు, ఇమేజ్ ఒక్కదానినే నమ్ముకోకుండా రిజిస్టరు పుటలను, ఫొటోలను పి.డి.ఎఫ్., జె.పి.జి. వంటి అందరూ తెరవగల రూపాలలో విడిగా కూడా ఉంచాలి. ఏ సంస్థ మూతబడినా, ఏ ప్రోగ్రాము ఆగిపోయినా అవి తెరుచుకుంటాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లల మార్కుల పత్రాలు, పుట్టిన తేది పత్రాలు మీ ఫోనులో ఒక్క చోటే ఉంటే ఈ రాత్రే వాటిని మరొక చోట కూడా పెట్టి, అక్కడి నుండి ఒకసారి తెరిచి చూడండి.

పూర్వ విద్యార్థులైన నా తోటివారికి చివరి విన్నపం. కంప్యూటరులో పోయిన గ్రూపు ఫొటోలకు మరొక ప్రతి లేదనుకోవద్దు. అది మీ ఇళ్లలో ఉన్నది. గోడకు వేలాడుతున్న పటంలో, అమ్మగారి ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి ఆల్బమ్ చివరి పుటలో ఉండవచ్చు. దయచేసి వెతికి పట్టుకురండి. ఉత్సవాలు ముగిసేదాకా కార్యాలయంలో స్కానరు పెట్టి ఉంచుతాము. మీ కళ్ల ముందే స్కాన్ చేసి ఫొటో మీకు తిరిగి ఇస్తాము. వెనుక వైపున పేర్లు వ్రాసి ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేస్తాము. పేర్లు లేకపోతే, గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే వారి చేత చెప్పించి వ్రాసుకుంటాము. శతజయంతి సంచిక వేసేవారికి ఇవన్నీ అందాలి. అప్పటికి నేడు మనం వాడుతున్న కంప్యూటరు ఏదీ ఉండదు. నేడు ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లలు మాత్రం ఉంటారు. వారు తెరిచి చూసినప్పుడు మన బడి వారికి కనిపించాలి.